తాటి చేవ, వెదురు వీపు
కొయ్యలు కలిపి కట్టే తేలిక విల్లు – కృష్ణాతీరపు సంపద

కృష్ణవేణి పులిగడ్డ చెంత రెండు పాయలుగా చీలి, ఆ పాయల నడుమ దివిసీమను ఇముడ్చుకొని సముద్రాన్ని చేరుకొనే పల్లపు నేలలో చేల గట్ల మీద, కాలువ కరకట్టల మీద, చెరువుల అంచున బారులు తీరి నిలిచిన తాటిచెట్లను చూడనివారుండరు. ఆ చెట్టు ఇచ్చే ముంజలను, తేగలను, కల్లును, ఇంటికప్పుకు వేసే ఆకును, వాసాన్ని మనవారు తరతరాలుగా ఎరుగుదురు గాని, అది ఒకనాడు భారతదేశపు రాజుల ఆయుధాగారాలకు విల్లునిచ్చిన వృక్షమని ఎరిగినవారు అరుదు. అర్థశాస్త్రంలోని విలుకొయ్యల పట్టిక తాటితోనే మొదలవుతుంది. ఆ సంగతి మనసులో ఉంచుకొని బందరు నుండి చల్లపల్లి మీదుగా అవనిగడ్డకు ప్రయాణించే పాఠకునికి, దారికి ఇరుప్రక్కల నిలిచిన ఆ నల్లని మ్రాకులలో ఒక మరచిపోయిన విద్యకు కావలసిన మూలధనం కనిపించక మానదు.

తక్కిన వృక్షజాతులలో పెక్కింటికి చేవ మాను నడుమ పుడుతుంది. బెరడుకు దగ్గరగా ఉండేది లేత కొయ్య. తాటిలో ఈ క్రమం తలక్రిందులు. గట్టి నారపోగులన్నీ మాను అంచున దట్టంగా పేరుకొని, నల్లని చారలతో ఇనుపకమ్ముల కట్టవలె బిగిసి ఉంటాయి. లోపలికి పోయేకొద్దీ అవి పలుచబడి, నడిమి భాగం మెత్తని పీచుగా మిగులుతుంది. కొల్లేటి పల్లెకారులు ముదురు తాటిమాను మొదలును తెచ్చి, లోపలి మెత్తని పదార్థాన్ని తొలిచివేసి, మిగిలిన చేవ పెంకునే దోనెగా వాడుకొన్నది ఈ నిర్మాణ రహస్యాన్ని ఎరిగే. ఇంటికి వాసాలు చీల్చే వడ్రంగి సైతం అంచు చేవనే పుచ్చుకొని నడిమి భాగాన్ని విడిచిపెడతాడు. ఆ చేవను చిత్రిక పట్టేవాని అరచేతిలో సూదివంటి పుల్లలు దిగుతాయి. ఉలి పదును త్వరగా మొద్దుబారుతుంది. అయినా పని ముగిసిన తరువాత నునుపుదేలిన ఆ నల్లచారల బద్దను వంచి చూస్తే, ఇంతటి కాఠిన్యంలో ఇంతటి సాగుడుగుణం ఎక్కడ దాగినదా అని ఆశ్చర్యం కలుగుతుంది.

ఈ సీమలో గాలికి నిలవడమంటే ఏమో చరిత్ర చాలమారులు చూపినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెన ఇంచుమించు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెనలో, ప్రభుత్వపు లెక్కల ప్రకారమే, 10,000 మంది వరకు అసువులు బాసిరి. ఇండ్లు గోడలతో సహా కొట్టుకొనిపోయిన చోట్ల, నిలిచిన చెట్లను కౌగిలించుకొని ప్రాణాలు దక్కించుకొన్నవారి కథలు నేటికీ ఆ గ్రామాలలో చెప్పుకొంటారు. అంచు గట్టిగా, నడుమ తేలికగా ఉన్న స్తంభం తన బరువుకు మించిన బలంతో వంపును ఓర్చుకొంటుందనేది యంత్రశాస్త్రజ్ఞులు ఒప్పుకొనే సూత్రం. వంగవలసినప్పుడు వంగి, వదలగానే నిటారుగా లేవడం విల్లుకు ఉండవలసిన ప్రధాన లక్షణం. తాటిమానుకు ఆ లక్షణం పుట్టుకతో వచ్చినది.

కౌటిల్యుని పట్టిక

మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో పండిత శామశాస్త్రిగారికి 1905లో తాళపత్రప్రతిగా లభించి, 1909లో అచ్చయిన అర్థశాస్త్రంలో రెండవ అధికరణం పదునెనిమిదవ అధ్యాయం ఆయుధాగారాధ్యక్షుని విధులను వివరిస్తుంది. అందులో కౌటిల్యుడు విండ్లను చేయదగిన ద్రవ్యాలు నాలుగని చెప్పి, తాటి, చాపమనే వెదురుజాతి, కొయ్య, కొమ్ము అనే క్రమంలో వాటిని పేర్కొని, ఆ నాలుగింటితో చేసిన విండ్లకు వరుసగా కార్ముకము, కోదండము, ద్రూణము, ధనువు అనే పేర్లు చెప్పినాడు. నారి కోసం మూర్వ, అర్క, శణ, గవేధు, వేణు, స్నాయువు అనే ఆరింటిని విధించినాడు. అర్క మన జిల్లేడు. శణం మన జనుము. కృష్ణా డెల్టాలో వరికోత ముగియగానే పశువుల మేతకూ పొలానికి సత్తువకూ చల్లే జనుమే ఆనాడు విలుకాని అల్లెత్రాడుకు నారనిచ్చినది. ఏ పాడునేలలోనైనా ఎవరూ నాటకుండా లేచి నిలిచే జిల్లేడు కాడ నుండి తీసిన సన్నని తెల్లని నార, చూడడానికి అల్పమైనా, తెగకుండా లాగుడును ఓర్చుకొనే గుణంలో ఎన్నదగినది.

మూర్వను పాశ్చాత్య శాస్త్రలోకానికి తెలియజెప్పిన కథలోనూ తెలుగునేలకు పాలున్నది. ఈస్టిండియా కంపెనీ కొలువులో సామర్లకోటలో ఉండి, స్థానిక చిత్రకారులచేత కోరమండల తీరపు మొక్కల చిత్తరువులు వ్రాయించిన విలియం రాక్స్‌బరో, ఆకులలో గట్టి నార గల మూర్వను, అంటే మన చాగ మొక్కను, తన గ్రంథంలో వర్ణించినాడు; ఆ జాతి శాస్త్రీయనామంలో నేటికీ అతని పేరు నిలిచి ఉన్నది. ఇంగ్లీషువారు ఆ మొక్కలను వింటినారి జనుమనే వ్యవహరిస్తారు. నాలుగు విలుద్రవ్యాలలో మూడు, ఆరు నారిద్రవ్యాలలో అధికభాగం తెలుగువాని పెరటిలోనో పొలం గట్టునో దొరికేవే గనుక, ఈ దేశపు విలువిద్య రాజుల కోటల నుండి పల్లెకు దిగివచ్చిన విద్య కాదనీ, పల్లె నుండే కోటకెక్కిన విద్య అనీ నాకు తోస్తుంది.

విదేశీయుల సాక్ష్యం కూడా ఇందుకు అనుకూలంగానే ఉన్నది. క్రీస్తుకు పూర్వం 480లో పారశీక చక్రవర్తి క్షయార్షుడు గ్రీసుపై దండెత్తినప్పుడు అతని సేనలో నడిచిన భారతీయులు నూలుబట్టలు కట్టి, వెదురుజాతి విండ్లు పట్టి, ఇనుపమొనల బాణాలు ధరించినారని హెరొడోటస్ వ్రాసినాడు. అలెగ్జాండరు నౌకాధిపతి నియార్కస్ చూచి చెప్పినదాన్ని ఆధారంగా చేసుకొని ఆర్రియన్ వ్రాసిన గ్రంథంలో, భారతీయ పదాతి విల్లు మనిషి నిలువెత్తు ఉండేదనీ, దాని కొనను నేలకానించి ఎడమకాలితో అదిమిపట్టి నారిని లాగేవారనీ, మూడు మూరలకు కొంచెమే తక్కువైన ఆ బాణాన్ని డాలుగాని కవచంగాని ఆపలేకపోయేదనీ ఉన్నది. అంత పొడవైన విల్లు వెదురు, తాటి, కొయ్య బద్దలతో చేయదగినదే గాని, పొట్టిగా వంకరలు తిరిగి ఉండే కొమ్ము విల్లు కాదు. అగ్నిపురాణంలోని ధనుర్వేదభాగం సైతం నాలుగు మూరల విల్లును ఉత్తమమనీ, మూడున్నర మూరలది మధ్యమమనీ, మూడు మూరలది అధమమనీ వర్గీకరించినది.

ఈ డెల్టా ప్రాచీనత సామాన్యమైనది కాదు. టాలమీ కంటకోస్సిలా అని పేర్కొన్న రేవుపట్టణం దివిసీమకు చేరువనున్న ఘంటసాలయే అని చరిత్రకారులు గుర్తించినారు. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాలను పరిశీలించిన అలెగ్జాండర్ రీ 1894లో ప్రకటించిన గ్రంథంతో ఈ మూడు ఊళ్ల పేర్లు పండితలోకంలో ఒక్కటిగా వినవచ్చినవి. శాతవాహనుల కాలంలోనే పడమటి దక్కనులోని కొల్హాపురం ప్రాంతంలో విలివాయకురుని పేర వెలువడిన నాణేలపై ఎక్కుపెట్టిన విల్లూ బాణమూ చిహ్నాలుగా ముద్రితమైనవి. కృష్ణకు ఎగువన విజయవాడలో, పాశుపతం కోసం అర్జునుడు తపస్సు చేసినాడని జనులు విశ్వసించే ఇంద్రకీలాద్రి మీద, కిరాతార్జునుల కథను చెక్కిన ప్రాచీన శిలాస్తంభం నేటికీ ఉన్నది. నాణెంలో, కొండమీది శిలలో విల్లు ఈ విధంగా మనకు సాక్షాత్కరిస్తున్నా, ఆ విల్లును చెక్కిన వడ్రంగి పేరు మాత్రం ఏ శాసనమూ చెప్పలేదు. అతడు చెట్టును చదివిన పద్ధతిని తిరిగి ఊహించడానికి కొయ్య ధర్మమే మనకు మిగిలిన ఆధారం.

ఒక్క కొయ్య ఎందుకు చాలదు

విల్లును ఎక్కుపెట్టి నారిని చెవిదాకా లాగినప్పుడు, లక్ష్యం వైపు తిరిగి ఉండే ముఖం సాగుతుంది. విలుకాని వైపు తిరిగి ఉండే ముఖం నలుగుతుంది. రెంటికీ నడుమ సాగడమూ నలగడమూ లేని సన్నని పొర ఒకటి ఉంటుంది. సాగే ముఖాన్ని వీపనీ, నలిగే ముఖాన్ని కడుపనీ చెప్పుకొందాం. సాగుడుకు ఓర్చే కొయ్య వేరు, నలుగుడుకు ఓర్చే కొయ్య వేరు. రెండు గుణాలూ సమపాళ్లలో ఉన్న వృక్షం ప్రకృతిలో అరుదు. వీపు బలహీనమైతే విల్లు ఫెళ్లున విరుగుతుంది. కడుపు బలహీనమైతే విరగదు గాని, పీచు నలిగి, వదిలిన తరువాత కూడా పూర్వస్థితికి రాక, నారి విప్పినా వంగే ఉండిపోతుంది. అట్టి విల్లు చూపుకు విల్లేగాని దానిలో ప్రాణం ఉండదు.

దీనికి తోడు మందమనే చిక్కు ఒకటున్నది. బద్ద వెడల్పు రెట్టింపైతే దాని బిగువు రెట్టింపే అవుతుంది. మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. కనుక మందంలో నూలుపోగంత తేడా వచ్చినా విల్లు తీరు మారిపోతుంది. బిగువు కోసం మందం పెంచుకొంటూ పోతే బరువు పెరుగుతుంది, వంపులో పైపొరల మీద పడే ఒత్తిడీ పెరుగుతుంది. విలుకాడు నారిని లాగడంలో పోసిన శక్తి అంతా బాణానికి చేరదు. కొంతభాగం విల్లు కొమ్మలు తమ్ము తామే ముందుకు విసరుకోవడంలో వ్యయమవుతుంది. కొమ్మలు, అందునా వాటి కొనలు, ఎంత తేలికైతే బాణానికి అంత వేగం. తేలిక విల్లును పిల్లవాడు ఎత్తి పట్టుకోగలడనే సౌకర్యం ఒకటైతే, తేలిక కొమ్మ బాణానికి శక్తిని దోచిపెట్టగలదనేది అంతకంటె ముఖ్యమైన ప్రయోజనం.

ఈ చిక్కులన్నింటికీ సమాధానం కొయ్యలను కలపడం. వీపుకు సాగే కొయ్యను, కడుపుకు నలుగుడును ఓర్చే కొయ్యను, ఒత్తిడి స్వల్పంగా ఉండే నడిమి పొరకు తేలిక కొయ్యను ఎంచి, మూడింటినీ జిగురుతో ఏకం చేస్తే, ఏ ఒక్క వృక్షమూ ఇవ్వలేని గుణసంపద ఆ బద్దకు సిద్ధిస్తుంది. నడిమి పొర పైపొరలు రెండూ ఒకదానిపై ఒకటి జారకుండా పట్టి ఉంచితే చాలు. అది బలిష్ఠం కానక్కరలేదు. నిడుపైన కొయ్య దొరకనప్పుడు మరొక ఉపాయం ఉన్నది: రెండు పొట్టి బద్దల మొదళ్లను చేపతోక ఆకారంలో ఒకదానిలో ఒకటి ఇమిడేట్లు కోసి, పిడికిటిపట్టు వద్ద అతికి, రెండు కొమ్మల విల్లు చేయడం. పట్టువద్ద విల్లు వంగదు గనుక అతుకు మీద భారం తక్కువ.

లోకంలో వేర్వేరు జాతులు ఎవరికి వారే ఈ ఉపాయాన్ని కనిపెట్టుకొన్నారు. ఇంగ్లండు విలుకాండ్ర యూ చెట్టులో ప్రకృతే ఈ పని చేసిపెట్టినది: దాని తెల్లని పైకొయ్య సాగుతుంది, ఎర్రని చేవ నలుగుడును ఓరుస్తుంది, రెండూ కలిసే చోట బద్దను చీల్చుకొంటే చాలును. 1545లో మునిగి 1982లో నీటి నుండి లేవనెత్తబడిన మేరీరోజ్ యుద్ధనౌకలో లభించిన విండ్లు ఆ జాతివే. ఉత్తర ఐరోపాలో మంచునేలల సామీజాతివారికి యూ లేదు. వారు కడుపుకు దేవదారుజాతి చెట్టులో వంగి పెరిగిన భాగపు గట్టి కొయ్యను, వీపుకు భూర్జవృక్షపు కొయ్యను తీసుకొని, చేపతోలు ఉడికించిన జిగురుతో అతికినారు. జపానువారు రెండు ముఖాలకూ వెదురు వేసి, నడుమ కొయ్య ఇమిడ్చి, మనిషిని మించిన ఎత్తు గల విల్లు నేటికీ చేస్తున్నారు. తురుష్క, పారశీక, మొగలు విలుకారులు కొయ్య ముక్కలను చేపతోక అతుకులతో కలిపి, కడుపుకు గేదెకొమ్ము, వీపుకు పశువుల నరాలు అంటించి, అతి పొట్టిదైనా అతి వేగం గల విల్లును సాధించినారు.

అయితే ఈ కొమ్ము విల్లుకు తేమ శత్రువు. నరాలను, కొమ్మును పట్టి ఉంచేది జంతువుల తోలు, చేపల గాలితిత్తి వంటి వాటి నుండి తీసిన జిగురు గనుక, వానకాలంలో అది మెత్తబడి పొరలు విడిపోయే ప్రమాదం ఉన్నది. భారతదేశపు ఆయుధశాలలలో ఉక్కు విండ్లు తయారు కావడానికి ఇదొక కారణమని పండితులు భావిస్తారు. వర్షర్తువులో గోడలు చెమర్చి, ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టే బందరు, దివి ప్రాంతాలలో కొమ్ము విల్లుకంటె వెదురూ తాటీ నమ్మదగినవి. దివి తీరపు జాలరుల వలలో పడే కచిడి చేప గాలితిత్తికి నేడు విదేశీ వర్తకులు చెల్లించే వెల వార్తలకెక్కుతున్నది. గాలితిత్తి నుండి వచ్చే ఆ జాతి జిగురే ఒకనాడు ప్రపంచపు మేటి విండ్లను అతికినది. తడికి చెక్కుచెదరని నేటి కృత్రిమ జిగుళ్లు ఈ పాత అడ్డంకిని పూర్తిగా తొలగించినవి గనుక, కొయ్యల కలయికకు మన వాతావరణం ఇక ఆటంకం కాదు.

అతుకు విద్య మనకు కొత్త కాదు

తేలిక కొయ్యను ఎరగడం, ముక్కలను ఏకం చేయడం కృష్ణాతీరపు పనివారికి వెన్నతో పెట్టిన విద్య. కొండపల్లి బొమ్మకు తల, చేతులు, కాళ్లు వేరువేరుగా తెల్లపొణికి కొయ్యతో చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. కూచిపూడి భాగవతులు రాత్రంతా ఆడవలసిన వేషానికి బంగారుబరువు తగదని, ఆభరణాలను బూరుగు వంటి తేలిక కొయ్యతో చేయించుకొనేవారు. నూజివీడు వైణికశిల్పులు పనస కొయ్యతో వీణలు తీర్చుతారు. ఒకే దుంగలో తొలిచినది ఏకాండి వీణ, ముక్కలు కూర్చినది అతుకు వీణ. బందరు ప్రక్కన పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే శిల్పులు టేకు పలకపై వెంట్రుకవాసి గీతను తప్పకుండా నిలబెట్టగలరు. నూలుపోగంత మందాన్ని కంటితో తూచగల ఈ చేతులకు విల్లు కొలతలు కొరుకుడుపడని విషయం కానేరదు.

యుద్ధంతో నిమిత్తం లేని విల్లు ఒకటి ఈ తీరాన శతాబ్దుల పాటు పనిచేసినది. పెరిప్లస్ గ్రంథకర్త మసాలియా అని పేర్కొన్న ఈ సీమ నుండి అతని కాలంలోనే సన్నని నూలుబట్టలు విరివిగా ఎగుమతి అయ్యేవి. తరువాతి కాలంలో 1611లో బందరులో దిగిన ఇంగ్లీషువారినీ, వారికంటె ముందే స్థిరపడిన డచ్చివారినీ ఇక్కడికి రప్పించినది ఆ బట్టలే. ఆ బట్టకు నూలు, నూలుకు ఏకు, ఏకుకు దూది ఏకే విల్లు ఆధారం. దూదేకులవారి విల్లు నిడుపైన కొయ్యదండం, దాని ఒక కొనకు బిగించిన వెడల్పు పలక, ఆ చివరి నుండి ఈ చివరికి లాగి కట్టిన నరపుతంతి అనే భాగాల కూర్పు. దండాన్ని వెదురుబద్ద వింటి నుండి వ్రేలాడదీసి, దూదిలో తంతిని ముంచి కొయ్యగుదితో మీటితే, ఆ కంపానికి ముద్దలుగా ఉన్న ప్రత్తి పోగుపోగుగా విడిపోయి నురుగువలె లేస్తుంది. పై వెదురు విల్లు వంగి లేస్తూ క్రింది విల్లు భారాన్ని మోస్తుంది. పనివాని చేతికి బరువు తెలియదు. తేలికతనం కోసం కొయ్యలను ఏ విధంగా కూర్చాలో ఈ పనిముట్టు చేసినవారికి చక్కగా తెలుసు.

తాటి, వెదురు కలిపే తీరు

ఇక ఈ సీమ ద్రవ్యాలతో అతుకు విల్లు ఎట్లా సిద్ధమవుతుందో క్రమంగా చూద్దాం. వెదురు మూడు నాలుగేండ్ల ముదురుది కావాలి. లేత వెదురులో నీరు అధికం, ఆరినప్పుడు ముడుచుకొనిపోతుంది. నీడన ఆరబెట్టిన గడను కత్తితో నిలువుగా చీల్చి, రెండు వ్రేళ్ల వెడల్పు బద్దను తీసి, లోపలి ముఖాన్ని మాత్రమే చిత్రికతో చదును చేయాలి. పైచర్మాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కోయరాదు. సాగుడును ఓర్చే నారపోగులన్నీ ఆ చర్మం క్రిందనే దట్టంగా ఉంటాయి. కణుపుల వద్ద ఉబ్బును పూర్తిగా అరగదీస్తే పోగులు తెగి, విల్లు అక్కడే విరుగుతుంది గనుక, వాటిని కొంచెం ఎత్తుగానే విడిచిపెట్టాలి. కావడిబద్ద చేసేవాడు వెదురు కణుపును ఎంత గౌరవంతో చూస్తాడో విల్లు చేసేవాడూ అంతే గౌరవంతో చూడవలె.

కడుపుకు ముదురు తాటి అంచు చేవ నుండి పోగు తెగకుండా నిలువుగా చీల్చిన బద్ద తగినది. తాటి దొరకని చోట, ఆంధ్రదేశపు అడవులలో పెరిగే చరచి ఉన్నది. సాగుడుగుణానికి పేరుపడి బండినొగలకు, కావడులకు వాడబడిన ఆ చెట్టును మన నిఘంటుకర్తలు ధనుర్వృక్షమనే పేర్కొన్నారు. ఈ బద్దలు రెండింటి నడుమ తేలికగా, నిలుకడగా ఉండే కొయ్య నుండి తీసిన పలుచని పొరను ఇమడ్చవచ్చు. మూడింటి ముఖాలూ ఒకదానికొకటి వెలుతురు దూరకుండా కలిసిన తరువాతనే జిగురు పూయాలి. సందున్న చోట ఎంత జిగురు నింపినా అది అతుకు కాదు.

జిగురు పూసిన బద్దలను తిన్నగా పరచి ఆరనిస్తే సగం ప్రయోజనమే దక్కుతుంది. వాటిని కొంచెం వెనుకకు, అంటే లాగుడుకు ఎదురు దిశలో వంచిన దిమ్మె మీద పరచి, త్రాడుతో అంగుళమంగుళానికి బిగించి కట్టి ఆరనిస్తే, పొరలు ఆ వంపులోనే ఒకదానినొకటి పట్టుకొని నిలుస్తాయి. నారి ఎక్కించగానే కొమ్మలు ముందే కొంత బిగువును సంతరించుకొంటాయి. బద్దలను అతకడంలోని పెద్ద లాభం ఇది. కట్టు విప్పిన తరువాత కొమ్మలను పట్టువద్ద వెడల్పుగా, కొనల వద్ద చిటికెన వ్రేలంత సన్నగా తీర్చాలి.

తరువాతిది ఈ విద్యలోకెల్ల ఓర్పు కోరే ఘట్టం. విల్లును గోడకు అడ్డంగా బిగించి, నారిని కప్పీ మీదుగా మెల్లమెల్లగా క్రిందికి లాగుతూ, దూరంగా నిలిచి రెండు కొమ్మల వంపును చూడాలి. ఏ చోట కొయ్య వంగక మొండికేస్తున్నదో అక్కడ కడుపు వైపు గాజుపెంకుతోనో పలుచని ఉక్కురేకుతోనో గీకి, మరల లాగి, మరల చూడాలి. ఒక చోట మొండితనం మిగిలితే దాని పొరుగు భాగం తన పాలికి మించి వంగి విరుగుతుంది. గీకిన కొయ్యను తిరిగి అంటించడం సాధ్యం కాదు. కాబట్టి ప్రతి గీతకూ ముందు చూపు, ప్రతి లాగుడుకూ ముందు విరామం అవసరం. వంపు రెండు ప్రక్కలా నిండుచంద్రుని అంచువలె సమంగా తిరిగి, విలుకాడు లాగవలసినంత దూరానికి నారి వచ్చినప్పుడే విల్లు పూర్తి అయినట్లు. బాణం లేకుండా నారిని లాగి విడిచిపెట్టరాదనేది అభ్యాసకునికి మొదటి రోజే చెప్పవలసిన నియమం. బాణానికి పోవలసిన శక్తి అంతా అప్పుడు కొమ్మల మీదికే తిరగబడి అతుకులను చీలుస్తుంది.

ఈ పాత సూత్రం నేటి ప్రపంచవేదికల మీద కూడా మారలేదు. భౌతికశాస్త్రజ్ఞుడు క్లారెన్స్ హిక్‌మన్ 1930 దశకంలో విల్లు కొమ్మల బలాబలాలను గణితంతో పరిశీలించి, గుండ్రని కొమ్మకంటె చదునైన కొమ్మ మేలని నిరూపించిన తరువాత, పొరలు పొరలుగా అతికిన చదును కొమ్మల విండ్లు అమెరికాలో వ్యాపించినవి. ఒలింపిక్ విలుకాని చేతిలోని విల్లు కొమ్మలో సైతం వీపుకూ కడుపుకూ కార్బన్, గాజుపీచు పొరలు, నడుమ కొయ్యగాని నురుగుపదార్థంగాని ఉంటాయి. ద్రవ్యాలు మారినవి, గట్టి ముఖాలు రెండు, తేలిక నడుము ఒకటి అనే కూర్పు మారలేదు.

ఆ వేదికల మీద కృష్ణాతీరపు బిడ్డలు నిలిచినారు. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో కాంపౌండ్ విభాగంలో వ్యక్తిగత, మహిళల జట్టు, మిశ్రమ జట్టు పోటీలు మూడింటా స్వర్ణపతకాలు గెలుచుకొన్నది. అదే నగరపు బొమ్మదేవర ధీరజ్ ఆ క్రీడలలో రికర్వ్ పురుషుల జట్టుతో రజతం సాధించి, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మిశ్రమ జట్టు పోటీలో నాలుగవ స్థానం వరకు చేరినాడు. విజయవాడలోని వోల్గా ఆర్చరీ అకాడమీ పేరు దేశంలోని విలుకాండ్రందరికీ తెలిసినదే. వారి విజయానికి మనమందరం గర్విస్తున్నాము. కాని వారి చేతిలోని విల్లు విదేశాల నుండి లక్షల రూపాయలకు కొనితెచ్చుకొన్న వస్తువు. మోపిదేవిలోనో, నాగాయలంకలోనో, గుడివాడ పరిసరాల పల్లెలోనో చదువుకొనే వ్యవసాయకూలీ బిడ్డకు ఆ విల్లు అందని ద్రాక్షయే.

అందని దానిని అందించే మార్గం ఉన్నది. భారత విలువిద్యా సంఘం జాతీయపోటీలలో వెదురు విల్లుతో ఆడే ఇండియన్ రౌండ్ అనే విభాగాన్ని నిర్వహిస్తున్నది. దేశంలో ఎందరో గ్రామీణ బాలబాలికలు మొదట పట్టినది ఆ విల్లునే. వెదురుతో తాటిని కలిపిన తేలిక విల్లు ఊరి వడ్రంగి చేతిలో, ఊరి ద్రవ్యాలతో సిద్ధం కాగలదు. విరిగితే మరొకటి చేసుకోవచ్చు, బిడ్డ ఎదిగేకొద్దీ బిగువు పెంచుకోవచ్చు. ఇది విదేశీ విల్లుకు పోటీ అని నేననను. ఆ విల్లు దాకా నడిపించే మొదటి మెట్టు అని మాత్రం నిశ్చయంగా చెప్పగలను.

పుస్తకవిద్యతో పాటు వడ్రంగము, నేత, చిత్రలేఖనము వంటి చేతివిద్యలు నేర్పాలని కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినారు. చదువుకొన్నవాని చేతికి ఉలి, ఉలిపట్టినవాని చేతికి పుస్తకం ఇవ్వాలనే ఆ మహాశయుల సంకల్పానికి అతుకు విల్లుకంటె తగిన పాఠం అరుదు: అందులో వృక్షశాస్త్రమున్నది, గణితమున్నది, యంత్రశాస్త్రమున్నది, చరిత్ర ఉన్నది, ఓర్పు ఉన్నది. కనుక బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకూ, పెడన అచ్చుశిల్పులకూ, ఊరూరి వడ్రంగులకూ నా విన్నపం ఒక్కటే. కూలిన తాటిచెట్టును ఇటుకబట్టీలకు అమ్మివేసే ముందు దాని అంచు చేవ నుండి నాలుగు బద్దలు చీల్చి నీడన ఆరబెట్టండి. ముదురు వెదురు గడ ఒకటి ప్రక్కన పెట్టండి. అవి ఆరేలోగా మీ పాఠశాలలో చూపు నిలకడగా ఉన్న పిల్లలను గుర్తించండి. వచ్చే వేసవి సెలవులలో ఆ పిల్లలచేతనే తొలి విల్లును చేయించండి.